ఓడినవాడి కుడిచెయ్యి

పూల్ ఆటలో ఒక కుర్చీ ఉంటుంది. చూసేవాళ్లందరి కళ్లూ టేబుల్ మీదే ఉంటాయి కనక దాన్ని ఎవరూ పట్టించుకోరు. అవతలివాడు ఆడుతున్నంతసేపూ ఇవతలివాడు ఆ కుర్చీలో కూర్చోవాలి. మాట్లాడకూడదు, అవతలివాడి కంటికి అడ్డం వచ్చేలా కదలకూడదు. అతను గురి తప్పితేనే మనం లేవాలి. తప్పకపోతే కూర్చున్నచోటే ఓడిపోతాం.

నేను ఎక్కడ మ్యాచ్ చూడ్డానికి వెళ్లినా ముందు ఆ కుర్చీలో ఉన్నవాడి చేతులు చూస్తాను. మొదట్నుంచీ అదో వింత అలవాటు నాకు. మొహాన్ని అదుపులో పెట్టుకోవడం కొన్నాళ్లు ఆడితే అందరికీ వచ్చేస్తుంది. చేతులు మాత్రం ఎంత చెప్పినా వినవు. ఒకాయన నీళ్ల సీసా మీద అంటించిన కాగితాన్ని గోటితో గీకి గీకి మొత్తం ఊడదీస్తాడు. ఇంకొకాయన తన వంతు ఇక రాదని తెలిసినా క్యూ కర్ర కొసకి చాక్ రాస్తూనే ఉంటాడు. ఒంగోలు నుంచి వచ్చే ఒక పెద్దాయనైతే చేతిరుమాలు మడత పెడతాడు, విప్పుతాడు, మళ్లీ పెడతాడు. అది చూస్తుంటే ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డట్టే ఉంటుంది. ఆ తర్వాత వీళ్లంతా లేచి, చక్కగా నవ్వి, గెలిచినవాడికి షేక్‌హ్యాండ్ ఇస్తారు. ఆ నవ్వు నిజమా, అంతకుముందు ఆ చేతులు చేసిన పని నిజమా అని నాకు ఎప్పుడూ కుతూహలం. నా చేతులు ఏం చేస్తాయో మాత్రం నేనెప్పుడూ గమనించలేదు. కుర్చీలో కూర్చున్నప్పుడు నా కళ్లు కూడా బంతుల మీదే ఉంటాయి మరి.

మాకు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. నాన్న పెట్టింది, నేను నడుపుతున్నాను. పూల్‌లో నేను ప్రొఫెషనల్‌నని చెప్పుకుంటే మా ఆవిడకి నవ్వొస్తుంది. "కూడు పెట్టేది మిరపకాయలు. పేరు మాత్రం దానికా?" అంటుంది. అయినా పేరు నమోదు చేయించుకుని ప్రైజు టోర్నమెంట్లు ఆడుతున్నాను కాబట్టి ప్రొఫెషనల్‌నే. ఆవిడ ఒప్పుకోకపోతే నేనేం చెయ్యను.

ఆట నేర్చుకున్నది బ్రాడీపేటలో, మేమంతా భాయ్ అని పిలిచే ఆయన క్లబ్బులో. భాయ్ అసలు పని సోఫాలకు గుడ్డ వెయ్యడం. పూల్ టేబుల్ గుడ్డ కూడా తనే బిగించుకోగలడు కనక క్లబ్బు పెట్టేశాడు. గుడ్డ కింద ప్రత్యేకమైన పలకరాయి ఉండాలట. అది దొరక్క, చీమకుర్తి వెళ్లి గ్రానైట్ పలకలు కోయించి లారీలో వేసుకొచ్చాడు. ఆ బరువుకి క్లబ్బు గచ్చు బీటలిచ్చింది. ఆ టేబుల్ మీద బంతి ఎందుకో మిగతా టేబుళ్ల కంటే జోరుగా పరిగెత్తేది. ఇప్పటికీ పరాయి ఊళ్లో నా బంతి జానెడు ముందే ఆగిపోతే భాయ్‌నే తిట్టుకుంటాను.

నాకు కోపం జాస్తి. యార్డులో ఎవరినడిగినా చెబుతారు. తూకం దగ్గర ఎవడైనా తేడాగా మాట్లాడితే నా గొంతు గేటు దాకా వినిపిస్తుంది. కానీ ఆటలో ఆ పేరు రాకుండా కాపాడుకున్నాను, అదీ భాయ్ చలవే. ఎవడైనా ఓడి క్యూ విసిరితే భాయ్ వాణ్ని క్లబ్బు గుమ్మం ఎక్కనివ్వడు. "ఒరేయ్, ఓడావా, లే. చెయ్యి ఇవ్వు. తర్వాత బయటికెళ్లి గోడకేసి తల కొట్టుకో, నాకేం సంబంధం లేదు" అనేవాడు. అందుకని షేక్‌హ్యాండ్ బాగా ఇవ్వడం నేర్చుకున్నాను. అవతలివాడి కళ్లలోకి చూసి, అరచెయ్యి అరచేతికి పూర్తిగా ఆనేలా, గట్టిగా. ఓడినా నన్ను చూసి నలుగురూ మంచి ఆటగాడనుకోవాలని నాకు ఉండేది. గెలుపు చేతిలో లేకపోయినా అది నా చేతిలో ఉందనుకున్నాను.

మిర్చి గురించి కూడా ఒక మాట చెప్పాలి. టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, సరుకు ఎలా ఉందో చూడాలంటే చెయ్యి లోపలికి పెట్టి ఒక కాయ తీస్తాం. చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమంటే ఎండు బాగున్నట్టు. తర్వాత నడిమికి విరిచి, వేళ్ల మధ్య నలిపి, రంగు ఎంత దిగుతుందో ఘాటు ఎంతుందో చూస్తాం. నచ్చిన కాయ ఒకటి జేబులో పడేసుకుంటాం, తర్వాత ఎవరికైనా చూపించడానికి. మా చేతులకి ఆ మంట తెలియదు, ఎప్పుడో మొద్దుబారిపోయాయి. ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది. అందుకే మా ఇంట్లో నా చొక్కాలూ ప్యాంట్లూ విడిగా ఉతుకుతారు. నేను రాగానే ముందు అరచేతులకి కొబ్బరినూనె రాసుకుని, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. మిరప మంట ఒట్టి నీళ్లకి లొంగదు. పిల్ల చిన్నప్పుడు ఒకసారి మర్చిపోయి ఎత్తుకుంటే మా ఆవిడ చేసిన గొడవకి పక్కవాటా వాళ్లు కూడా లేచొచ్చారు.

పోయిన వేసవిలో గుంటూరులోనే టోర్నమెంట్ పెట్టారు. రింగురోడ్డు దగ్గర ఒక ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకున్నారు. శనివారం సాయంత్రం ఆటగాళ్లంతా రావాలన్నారని, యార్డు నుంచి ఇంటికి వెళ్లే తీరిక లేక, ఆట కోసం కుట్టించుకున్న నల్లప్యాంటు పొద్దున్నే వేసుకుని కొట్టుకి వెళ్లాను. ఆదివారం మళ్లీ అదే వేసుకున్నాను. ఇంకో నల్లప్యాంటు లేదు.

ఆదివారం మధ్యాహ్నం నా మ్యాచ్ విశాఖపట్నం నుంచి వచ్చిన ఒకాయనతో. నా ఈడువాడే. సన్నగా, నెమ్మదిగా, అవతలివాడు మంచి షాట్ కొడితే తల ఊపి మెచ్చుకునే రకం. గెలిచినవాడు ఆ రోజే సెమీఫైనల్ ఆడాలి. నేను అంతకుముందెప్పుడూ సెమీస్‌కి వెళ్లలేదు. మా ఊళ్లో, మావాళ్ల ముందు వెళ్లాలని నాకు ఎంత ఉండేదో చెప్పలేను. భాయ్ క్లబ్బు మూసేసి అందర్నీ వెంటబెట్టుకొచ్చాడు.

ముందు ఏడు గేములు గెలిచినవాడిది మ్యాచ్. ఆరూ ఆరుకి వచ్చాం. ఆఖరి గేములో బ్రేక్, అంటే బంతుల్ని చెదరగొట్టే మొదటి దెబ్బ, ఆయనది. నంబర్ల వరసలో బంతులు వేసుకుంటూ పోయి చివరికి తొమ్మిది వేస్తే అయిపోతుంది. ఆయన బ్రేక్ కొట్టాడు, ఒక బంతి పడింది, నేను కుర్చీలో కూర్చున్నాను. క్యూ ఎడమచేత్తో పట్టుకున్నాను. అంతవరకూ బాగా గుర్తుంది.

ఆరో బంతి దగ్గర ఆయన గురి తప్పాడు. కళ్లారా చూశాను. బంతి పాకెట్ అంచుకి తగిలి బయటికొచ్చింది. నేను లేవబోయాను కూడా. అది టేబుల్ గట్టుకి రెండుచోట్ల కొట్టుకుని, టేబుల్ అంతా చుట్టి, ఎదురు మూలన ఉన్న పాకెట్లో బుద్ధిమంతురాలిలా పడింది. ఈ ఆటలో అది చెల్లుతుంది. అదృష్టం కలిసొస్తే చెయ్యెత్తి క్షమాపణ చెప్పడం మాలో మర్యాద. ఆయన నా వైపు తిరిగి చెయ్యెత్తాడు. నేను నవ్వి తలాడించాను. క్షమాపణ చెప్పినవాడిని తిట్టుకోవడానికైనా వీల్లేదు కదా, అదొక కష్టం. ఆ తర్వాత ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఒక్క షాట్ కూడా కొట్టకుండా ఆ గేము, దాంతో మ్యాచ్, పోయాయి.

లేచాను. నేను నేర్చుకున్న షేక్‌హ్యాండ్ అంతా పెట్టి ఇచ్చాను. "బాగా ఆడారండీ. సెమీస్ కూడా మీదే కావాలి" అన్నాను. హాల్లో చప్పట్లు కొట్టారు, అందులో కొన్ని నాకే అనుకున్నాను. ఆయన రెండు అడుగులు వెనక్కి వేసి, సంతోషం పట్టలేక రెండు చేతులతో మొహం కప్పుకుని, కళ్లు గట్టిగా తుడుచుకున్నాడు.

తర్వాత ఆయన పెట్టిన కేక హాలు బయటికి కూడా వినిపించి ఉంటుంది.

వంగిపోయాడు. కళ్లు మూసుకుని గోడ పట్టుకున్నాడు. ఇద్దరు ఆయన్ని చేతులు కడుక్కునే గది వైపు తీసుకెళ్లారు. ఏమైందో నాకు అర్థం కాలేదు. భాయ్‌కి మాత్రం నాకంటే ముందే అర్థమైంది. పక్కకి వచ్చి, నా కుడిచెయ్యి ఎత్తి వాసన చూశాడు. మొహం వెలిగిపోయింది.

"ఎంత పని చేశావురా ఒరేయ్!" అన్నాడు. ఆ గొంతులో తిట్టు లేదు, అంతా మెచ్చుకోలే. వెనక మా క్లబ్బువాళ్లు నోళ్లు మూసుకుని నవ్వుతున్నారు. గుంటూరువాడి షేక్‌హ్యాండ్ అంటే ఏమనుకున్నార్రా అన్నారెవరో.

నేను జేబులో చెయ్యి పెట్టి చూశాను. జేబు అడుగున తొడిమ ఒకటి, గింజలు, ఎర్రటి పొడి. శనివారం ఏదో టిక్కీలోంచి తీసిన తేజ కాయ, మిర్చిలో బాగా ఘాటైనది. పొద్దున ప్యాంటు వేసుకున్నప్పుడు దాని సంగతే గుర్తు లేదు. అది విరిగి ఊరుకోలేదు, పొడి పొడి అయిపోయింది. తొడిమ కూడా మెలిదిరిగి ఉంది. కుర్చీలో కూర్చుని అంత పని చేసింది నా చెయ్యే. నాకు కబురు కూడా లేదు.

అప్పుడే టోర్నమెంట్ నడిపే పెద్దమనిషి వచ్చాడు. "మీరు ఇంటికి వెళ్లకండి. సెమీస్ టైముకి ఆయన టేబుల్ దగ్గరికి రాలేకపోతే, రూలు ప్రకారం ఆయన చేతిలో ఓడినవాళ్లకే ఛాన్స్. అంటే మీకే" అన్నాడు.

సంతోషం వేసింది. నిజమే చెబుతున్నాను, మొదట వేసింది సంతోషమే. దాని వెనకాలే సిగ్గు కూడా వచ్చింది కానీ, అది కాస్త ఆలస్యంగా వచ్చింది.

చేతులు కడుక్కునే గది దగ్గరికి వెళ్లాను, భాయ్ నా వెంటే వచ్చాడు. విశాఖ ఆయన కుళాయి కింద దోసిలి పట్టి కళ్లలో నీళ్లు కొట్టుకుంటున్నాడు. కొట్టుకున్న ప్రతిసారీ అబ్బా అని మూలుగుతున్నాడు. ఎందుకు మూలగడు? కడుక్కుంటున్నది ఆ చేత్తోనే. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలవుతోంది. ఇలాగే వదిలేస్తే సెమీస్ టైముకి ఆయన కళ్లు తెరవలేడు. మిర్చితో పెరిగినవాడికి అది చూడగానే తెలిసిపోతుంది.

"చాక్ పొడి పడినట్టుందండీ. ఇంత మంటేంటో మరి, ఎప్పుడూ లేదు" అన్నాడాయన, ఎవరొచ్చారో కూడా చూడలేక.

భాయ్ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. చెవిలో అన్నాడు. "చెప్పకు. నువ్వేం కావాలని చేశావా? ఆయనే చాక్ అంటున్నాడుగా. వెళ్లి క్యూ తుడుచుకో."

భాయ్ అన్నదాంట్లో అబద్ధం లేదు. కావాలని చెయ్యలేదు. అలా నిలబడి లోపలంతా వెతుక్కున్నాను, ఎక్కడైనా కావాలని చేశానేమోనని. దొరకలేదు. కానీ జేబులో ఆ పొడి ఉంది. కావాలని చెయ్యనివాడి చెయ్యి అంతసేపు, అంత పట్టుదలగా ఎందుకు నలిపింది? అది తెలుసుకోవాలని నాకు సెమీస్ కంటే ఎక్కువ అనిపించింది. నేను నోరు మూసుకుంటే ఇక ఆ మాట ఎవర్నీ అడగడానికి ఉండదు.

"అది చాక్ కాదండీ. మిరపకాయ. నా చేతిది" అన్నాను. "ఆ చేత్తో ఇంక కళ్లు ముట్టుకోకండి."

భాయ్ నెత్తి కొట్టుకున్నాడు.

విశాఖ ఆయన కుళాయి దగ్గర అలాగే వంగి ఆగిపోయాడు. నేను హాలు వెనక వంటవాళ్ల దగ్గరికి పరిగెత్తి నూనె సీసా తెచ్చాను. ఆయన అరచేతుల్లో పోశాను, నా చేతుల్లోనూ పోసుకున్నాను. కాసేపటి క్రితం ఒకరి మీద ఒకరు ఆడిన ఇద్దరం ఆ గదిలో పక్కపక్కన నిలబడి, తలంటుకి కూర్చున్నవాళ్లలా చేతులకి నూనె మర్దనా చేసుకున్నాం. తర్వాత సబ్బు. మళ్లీ నూనె, మళ్లీ సబ్బు. మా ఇద్దరి చేతులూ నమ్మడానికి లేదు కనక ఆయన కళ్లు కడిగే పని భాయ్ మీద పడింది. సణుక్కుంటూనే, చేతులు సోఫా గుడ్డకి తప్ప దేనికీ అలవాటు లేనివైనా, ఆయన తల పట్టుకుని చల్లనీళ్లు మెల్లగా ఒంపాడు. "కదలకండి సార్. కన్ను తెరవండి. ఇంకా తెరవండి. మావాడి వల్ల నాకొచ్చింది ఈ కర్మ" అంటూనే ఉన్నాడు.

మంట తగ్గుముఖం పట్టాక భాయ్ హాల్లోకి వెళ్లాడు, ఆయన బల్ల మీద కూర్చున్నాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. తిడతాడనుకున్నాను, తిడితే పడదామనే ఉన్నాను. ఆయన నా జేబు వైపు వేలు చూపించాడు.

"ఏదీ, చూపించండి."

జేబు తిరగేశాను. ఆ పొడిని ఆయన ముట్టుకోకుండా, తల వంచి చాలాసేపు చూశాడు.

"కాయ మొత్తం నలిపేశారే. కోపం వచ్చిందా మీకు?"

"లేదండీ" అన్నాను.

"ఆరో బంతి పడినప్పుడు?"

"లేదు. ఆటలో అలాంటివి మామూలేగా."

ఆయన మళ్లీ జేబు వైపు చూశాడు. నమ్మాడో లేదో తెలియలేదు. అబద్ధమని తెలిసి నేనా మాట చెప్పలేదు. ఆ గేములో ప్రతి బంతీ ఎక్కడాగిందో ఇప్పుడు కాగితం మీద గీసి చూపించగలను. నా చెయ్యి జేబులోకి ఎప్పుడు వెళ్లిందో మాత్రం గుర్తు తెచ్చుకోలేకపోయాను.

లేవబోతూ ఆయన అడిగాడు. "ఇంకో కాయ ఉందా మీ దగ్గర? నలపనిది."

"ఎందుకండీ?"

"ఊరికే. చూద్దామని."

కారులో ఎప్పుడూ నాలుగు కాయలు పడి ఉంటాయి. ఒక మంచి తేజ కాయ తెచ్చి, కాగితం రుమాల్లో చుట్టి ఇచ్చాను. ఆయన చెవి దగ్గర ఊపి గింజల చప్పుడు విన్నాడు. ఎవరూ నేర్పకుండానే. తర్వాత దాన్ని ప్యాంటు జేబులో వేసుకున్నాడు. కళ్లకి చల్లనీళ్ల గుడ్డ ఒత్తుకుంటూ, చెప్పిన టైముకి టేబుల్ దగ్గరికి వెళ్లాడు.

సెమీస్‌లో ఆయన ప్రత్యర్థి కనిగిరి నుంచి వచ్చిన కుర్రాడు. జోరుగా ఆడతాడు, పెద్దగా ఆలోచించడు, ఆలోచించకపోయినా పడతాయి. నేను భాయ్ పక్కన కూర్చున్నాను. "అక్కడ ఉండాల్సింది నువ్వు" అన్నాడు భాయ్, టేబుల్ వైపు గడ్డం చూపిస్తూ. నాకూ అదే అనిపిస్తోంది, దాచడం ఎందుకు. నా టేబుల్, మా ఊరు, నేను జనంలో కూర్చున్నాను.

విశాఖ ఆయన ఎర్రకళ్లతోనే బాగా ఆడాడు. నీళ్లు కారుతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు, అరచేత్తో కాదు. అయినా ఆఖర్లో ఒక బంతి జారవిడిచాడు. కనిగిరి కుర్రాడు లేచాడు. మిగిలిన బంతులన్నీ తేలిగ్గా ఉన్నాయి, ఆట అయిపోయినట్టేనని హాల్లో అందరికీ తెలుసు.

అందరూ టేబుల్ చూస్తున్నారు. నేను కుర్చీ చూశాను.

ఆయన మొహం ప్రశాంతంగా ఉంది. కుర్రాడు ఒక కష్టమైన బంతి వేస్తే తల ఊపి మెచ్చుకున్నాడు కూడా. క్యూ ఎడమచేతిలో ఉంది. కుడిచెయ్యి జేబులో ఉంది. జేబు గుడ్డ లోపల వేళ్లు మెల్లగా, తీరిగ్గా కదులుతున్నాయి. బొటనవేలు ముందుకీ వెనక్కీ. ఆయన కళ్లు మాత్రం ఒక్కసారీ అటు పోలేదు.

తొమ్మిదో బంతి పడింది. కుర్రాడు నవ్వుతూ చెయ్యి చాపి వచ్చాడు. ఆయన లేచి జేబులోంచి చెయ్యి తీసి, చాపబోయి, సగంలో ఆపి అరచెయ్యి చూసుకున్నాడు. మరుక్షణం ఒక అడుగు వెనక్కి వేసి, రెండు చేతులూ జోడించి ఆ కుర్రాడికి నిండుగా నమస్కారం పెట్టాడు. కుర్రాడు కంగారుగా తనూ చేతులు జోడించాడు. హాలంతా చప్పట్లు. "అదీ మర్యాదంటే. నేర్చుకోండ్రా" అన్నాడు భాయ్ మావాళ్లతో, నేను ఇచ్చిన కాయ సంగతి తెలియక.

ఆయన జనంలో నా కోసం వెతికి, కనిపించాక అరచెయ్యి తిప్పి చూపించాడు. అంత దూరం నుంచి కూడా ఎరుపు కనిపించింది. ఇద్దరం ఒకేసారి నవ్వేశాం.

నేను నూనె సీసా తీసుకుని చేతులు కడుక్కునే గదిలోకి వెళ్లేసరికి ఆయన కుళాయి దగ్గర అరచేతులు చాపి నిలబడి ఉన్నాడు.

"వచ్చిందండీ" అన్నాను, నూనె పోస్తూ. "కోపం. ఆరో బంతికే వచ్చింది."

ఆయన వేళ్ల సందులన్నీ శ్రద్ధగా రుద్దుకున్నాడు.

"నాకు ఆ కుర్రాడు కుర్చీలోంచి లేచినప్పుడే వచ్చింది" అన్నాడు. "సబ్బు ఇలా ఇవ్వండి."